మరీ శుభ్రమైన చేతులు

రెండు ప్లేట్లు తేటగా ఉన్నాయి. టూరిడ్ కళ్లజోడు తీసి కోటు అంచుతో తుడిచి మళ్లీ పెట్టుకుని చూసింది. కిటికీ వెలుగుకి ఎత్తిపట్టి అడుగు నుంచి చూసింది, ముప్పై నాలుగేళ్లుగా ఎలా చూస్తుందో అలాగే, తొందర లేకుండా, ఒక్కో గుంటా ఒక్కో గుంటా. ఎర్ర చుక్క అంటించిన ప్లేటు తేట. ఆకుపచ్చ చుక్కది గంజిలా మబ్బు. పసుపుది తేట. నీలందీ మబ్బే. మబ్బుగా ఉందంటే నిన్న మధ్యాహ్నం నుంచీ అందులో బ్యాక్టీరియా తిని, పెరిగి, సంసారాలు పెట్టిందని. తేటగా ఉందంటే చచ్చిందని. ఇందులో తెలియకపోవడానికేముంది, చిన్న పిల్లలైనా చెబుతారు. అయినా ఆమె నాలుగోసారి చూసింది. ఒకటి కాదు, రెండు. ఒక్కటే తేటపడి ఉంటే అది పాత మందు వేసిన ప్లేటు, ఎప్పుడు వేసినా చంపే మందు, పరీక్ష సవ్యంగా జరిగిందనడానికి సాక్షిగా పెట్టేది, దానితో ఒరిగేదేమీ లేదు. రెండోది కూడా తేటపడిందంటే చంపింది నలభై ఒకటే. ఐవిన్ కనిపెట్టిన కొత్త మందు, నలభై ఒకటో నంబరుది. ఆమె చేతిలో నాలుగుసార్లు ఒక్క బ్యాక్టీరియానీ చంపని నలభై ఒకటి. స్టూలు లాక్కుని కూర్చుంది. అబ్బాయి అబద్ధం చెప్పలేదు. ఆ మాట పైకే అంది, ఎవరూ లేని గదిలో, ఇంక్యుబేటర్ గుర్రుమంటుంటే. మూడు వారాలుగా నెత్తి మీద మోస్తున్న బండ ఎవరో వెనక నుంచి వచ్చి చప్పుడు చేయకుండా దించేసినట్టయింది. మెడ కూడా తేలికపడింది. నిజంగానే మెడ, అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

గోడ గడియారంలో తొమ్మిదీ అయిదు. ఎల్లె పదింటికి గాని రాదు, పన్ను పీకించుకోవడానికి వెళ్లింది, ఏ ప్లేటులో ఏముందో రాసిన కాగితం కవరులో పెట్టి, అంటించి, తన చేతిసంచిలో వేసుకుని మరీ వెళ్లింది. "నీ మీద నాకు నమ్మకం లేదే తల్లీ, సొరుగులో పెడితే దీపానికి పట్టి చూస్తావ్" అంది నిన్న. ఎల్లె అలాగే అంటుంది. ఇరవై ఏళ్లుగా ఈ ల్యాబులో బ్యాక్టీరియాకి రసం కాచేది, గిన్నెలు కడిగేది ఆవిడే, ప్రొఫెసర్‌ని సైతం గుమ్మంలో నిలబెట్టి చెప్పులు విప్పిస్తుంది. నిన్న నాలుగు ట్రేలు సర్ది, నాలుగు రంగు చుక్కలు అంటించి తెచ్చిపెట్టిందీ ఆవిడే. ఒకదానిలో పాత మందు, ఒకదానిలో నలభై ఒకటి, ఒకదానిలో మందే లేని నీళ్లూ, చంటిపిల్లలకి రాసే మలాము కాస్త అంటిన చేత్తో తాకిన గొట్టాలూ, నాలుగోదానిలో నలభై ఒకటీ, మలాము చేత్తో తాకిన గొట్టాలూ. ఏది ఏదో టూరిడ్‌కి తెలియకూడదు. తెలిస్తే చెయ్యి తెలియకుండానే ఒకవైపు మొగ్గుతుంది, ఎంత నీతిగల చెయ్యయినా. ఉత్త మలామే చంపేదయితే మూడు ప్లేట్లు తేటపడాలి, పడలేదు. లెక్క ఎటు తిప్పినా ఒకటే వస్తోంది. ఐవిన్‌కి ఇప్పుడే ఫోన్ చేస్తే? చెయ్యి జేబు దాకా వెళ్లింది. వద్దు. కవరు విప్పకుండా ఎవరికీ ఏమీ చెప్పదు, ముప్పై నాలుగేళ్లలో చెప్పలేదు, ఎల్లె ఒకవేళ పొరపాటున పాత మందే రెండు ట్రేల్లో పెట్టి ఉంటే? ఎల్లె పొరపాటు చెయ్యదు. చేస్తే? ఒకసారి ఆశపెట్టి మళ్లీ లాక్కుంటే ఆ అబ్బాయి తట్టుకోలేడు. మూడు వారాలు ఆగినవాళ్లం, గంట ఆగలేమా. కాఫీ పోసుకుంది.

మూడు వారాల కిందట ఆమె మూడు వాక్యాలు రాసి సంతకం పెట్టింది. నలభై ఒకటి పరీక్షను నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ ఫలితం రాలేదు. ఐవిన్ రాసిన అంకెలు నా చేతిలో కనబడలేదు. అంతే. అందులో ఒక్క అబద్ధం లేదు, ఒక్క నిందా లేదు, కానీ చదివినవాడికి కావలసిందంతా ఉంది. ఈ ల్యాబులో ఒక కట్టడి ఉంది, ఎవరు పెట్టారో గాని ఓద్వార్ ప్రొఫెసర్ కాకముందు నుంచీ ఉంది: ఎవరు ఏం కనిపెట్టినా అది టూరిడ్ చేతిలో పడాలి. ఆమె చేతిలో కూడా అదే వస్తేనే వ్యాసం గడప దాటుతుంది. కొత్తగా చేరిన పిల్లలు మొదట నవ్వుకుంటారు, ఆ తర్వాత భయపడతారు, ఆఖరికి కేకు తెచ్చిపెడతారు. ఆమెకి అది గర్వమే, కాదనడం ఎందుకు. "నీ చేతికి రానిది ఎవరి చేతికీ రానట్టే" అన్నాడు ఓద్వార్ ఆ కాగితం అందుకుని, ఆ మాట విని ఆమె మురిసింది కూడా. మురిసింది! ఇప్పుడు తలచుకుంటే చెవులు వేడెక్కుతున్నాయి. ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి ఆ కాగితం పైన పెట్టిన ఫైలు విచారణ సంఘానికి వెళ్లాలి. అది వెళ్లాక ఐవిన్ దొంగ లెక్కలు రాసినవాడని తేలినా తేలకపోయినా ఒకటే, ఈ దేశం చిన్నది, ఈ విద్య మరీ చిన్నది, తలుపులన్నీ మర్యాదగా, నవ్వుతూ మూసుకుంటాయి. వెళ్లదు. ఇక వెళ్లదు. కాఫీ నాలుక కాల్చింది, అయినా రుచిగా ఉంది, ఎన్నాళ్లకో రుచిగా ఉంది.

ఆమెకి పదిహేడేళ్లప్పుడు చేపల కార్ఖానాలో కత్తి పట్టించారు. చలికి వేళ్లు మొద్దుబారిపోయేవి, రబ్బరు ఏప్రాన్ల వాసన, అడుగున దీపం వెలిగే గాజు బల్ల, దాని మీద చేప ముక్క పరిస్తే లోపల ముల్లు ఉంటే నల్లగా కనబడేది. ఒక్కో అమ్మాయికి ఒక్కో నంబరు. టూరిడ్ ముక్కల్లో ఎప్పుడూ ముల్లు దొరకలేదు. పక్క బల్ల యోరున్ ముక్కల్లో వారం రోజులు వరసగా దొరికాయి. మేస్త్రీ వచ్చి అడిగాడు, "నీ దగ్గర ఎందుకు రావట్లేదు?" అని. టూరిడ్ తల ఎత్తకుండానే చెప్పింది, "నేను ముల్లు వదలను" అని. నిజమే చెప్పింది. యోరున్ ఏప్రాన్ విప్పేసి, తన ఉన్ని టోపీ ఎక్కడుందో వెతుక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయింది. పది రోజుల తర్వాత యోరున్ బల్ల కింద దీపాల్లో ఒకటి సగం మాడిపోయిందని కరెంటు అతను చెప్పాడు. బల్ల ఒక మూల ముల్లు కనబడదు, ఎవరు నిలబడ్డా కనబడదు. అప్పటికి యోరున్ దక్షిణాదికి ఓడ ఎక్కేసింది. టూరిడ్ ఉత్తరం రాద్దామనుకుంది, అడ్రసు కనుక్కుందామనుకుంది, ఆ వేసవిలో నాట్యాలు ఉన్నాయి, ఆ తర్వాత చదువు వచ్చింది. నలభై అయిదేళ్లయింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు, ఆమె తొక్కడం మాత్రమే చేసింది, కడగలేదు. నిజం చెప్పి కూడా మనిషిని ముంచొచ్చని అప్పుడే తెలిసి ఉండాల్సింది.

ఐవిన్ నాలుగేళ్ల కింద వచ్చాడు, తలుపు చట్రానికి నుదురు కొట్టుకుంటూ. అంత పొడుగు. రొట్టె పొట్లం బస్సులో మరిచిపోతాడు, ఒక మేజోడు ఒక రంగు, ఇంకోటి ఇంకో రంగు, కానీ నోటు పుస్తకం మాత్రం ముచ్చటగా రాస్తాడు, తప్పు రాస్తే ఒక్క గీత గీసి పక్కన తేదీ వేస్తాడు, చెరపడు. ఆ పుస్తకం చూసైనా ఆమెకి తెలియాల్సింది. పోయిన శరదృతువులో ఒకరోజు ల్యాబు వంటగదిలోకి పరిగెత్తుకొచ్చాడు, "టూరిడమ్మా, చచ్చాయి! అన్నీ చచ్చాయి!" అని అరుస్తూ. పక్క ల్యాబువాళ్లు ఎవరింట్లో ఏమైందోనని లేచి నిలబడ్డారు. పదకొండుసార్లు చేశాడు, పదకొండుసార్లూ చచ్చాయి, ఆసుపత్రిలో చాలా మందులకి లొంగని రకం, ఆమె చెల్లెలు గున్‌వోర్ తుంటి ఎముకలో దూరి పదకొండు వారాలు మంచం మీద పడేసిన రకం. గున్‌వోర్ బతికింది, కర్రతో నడుస్తుంది, కర్రతోనే మొగుణ్ణి అదిలిస్తుంది. నలభై ఒకటి గురించి టూరిడ్ ఫోన్లో చెబితే, "నా తుంటి అయిపోయాక కనిపెట్టారా, మీ తెలివి తెల్లారినట్టే ఉంది" అంది. నవ్వింది. ఆ నవ్వు కోసమైనా అది నిజం కావాలని టూరిడ్‌కి ఉండేది. ఉండబట్టే మరీ జాగ్రత్తగా చేసింది, మరీ శుభ్రంగా చేసింది.

శుభ్రం! అక్కడే ఉంది అసలు సంగతి. బ్యాక్టీరియాకి జింకు అంటే మనకి కూరలో ఉప్పు. లేకపోతే బతకదు, ఎక్కువైతే చస్తుంది. అందుకని గుమ్మంలో కాపలా పెట్టుకుని కావలసినంతే లోపలికి రానిస్తుంది, మిగిలింది బయటికి తోస్తుంది. నలభై ఒకటి ఆ జింకుని లాగేసుకుని బ్యాక్టీరియాని మాడ్చి చంపుతుందని ఓద్వార్ అనుకున్నాడు, ఐవిన్ అనుకున్నాడు, అందరూ అనుకున్నారు. అయితే మరి రసంలో జింకు లేకుండా చేస్తే ఇంకా తొందరగా చస్తుంది కదా అని రసాన్ని వడకట్టి జింకు తీసేశారు. ఆ వడకట్టడం టూరిడ్ పని. ప్లాస్టిక్ సామానంతా ముందురోజు ఆమ్లంలో నానబెట్టడం, ఏడుసార్లు స్వచ్ఛమైన నీళ్లలో జాడించడం, తలకి టోపీ, చేతికి రెండు జతల గ్లవ్స్, ఉంగరం తీసి గిన్నెలో వెయ్యడం. ఆమె ముట్టిన రసంలో జింకు అనేది ఆనవాలుకి కూడా ఉండదు. ఆ రసంలో నలభై ఒకటి పోస్తే బ్యాక్టీరియా నిక్షేపంగా పెరిగింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు, నాలుగుసార్లు. ఐవిన్ అప్పటికి సెలవులో ఉన్నాడు, పాప పుట్టాక తల్లి వంతు సెలవు అయిపోయి తండ్రి వంతు వచ్చింది, కొత్త సంవత్సరం నుంచీ ఇంట్లోనే. పిలిపించారు. అది గుర్తొచ్చి కాఫీ కప్పు బల్ల మీద పెట్టేసింది, ఇంత తేలికలోనూ.

ఆ రోజు ఐవిన్‌ని సింకు దగ్గర నిలబెట్టి మోచేతుల దాకా తోమించింది టూరిడ్. బ్రష్‌తో, గోళ్ల సందుల్లో, రెండు సబ్బులతో. ఓద్వార్ కుర్చీ వేసుకుని వెనక కూర్చున్నాడు. కొత్త పెట్టె విప్పి గ్లవ్స్ ఇచ్చింది, వాటి మీద ఇంకో జత, చొక్కా చేతులకి టేపు చుట్టింది. "ఆపరేషన్ చెయ్యాలా ఏంటి టూరిడమ్మా" అన్నాడు నవ్వబోయి, ఎవరూ నవ్వలేదు, నవ్వు మధ్యలోనే మానేశాడు. ఆమె వడకట్టిన రసం, ఆమె కడిగిన ప్లేట్లు. మర్నాడు పొద్దున చూస్తే అన్నీ మబ్బు. ఐవిన్ ఒక్కో ప్లేటూ తీసి చూస్తున్నాడు, చూసిందాన్నే మళ్లీ తీస్తున్నాడు. "వచ్చింది... పదకొండుసార్లు వచ్చింది" అన్నాడు. "తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటే ఎలాగయ్యా" అన్నాడు ఓద్వార్, కోపంగా కూడా కాదు, అలిసిపోయి. ఐవిన్ టూరిడ్ వంక చూశాడు, ఆవిడ ఏదైనా అంటుందేమోనని. ఆమె అనలేదు. ప్లేట్లు డబ్బాలో సర్దుతూ నిలబడింది. చేతిలో పడలేదు, పడలేదని రాసింది, ఇంకేమంటుంది. ఆ చూపు మాత్రం ఆమెతో ఇంటికొచ్చింది, వంట చేస్తుంటే పక్కన నిలబడింది.

మొన్న శుక్రవారం పదకొండింటికి ఐవిన్ వచ్చాడు, తాళంచెవి అప్పగించి తన సామాను పట్టుకెళ్లడానికి. శుక్రవారం అంటే గళ్ల అట్లలాంటి వాఫల్ పోసుకునే రోజు, కారిడారంతా కమ్మటి వాసన, ఎల్లె ఇనప పెనం దగ్గర, అందరూ గోధుమరంగు జున్ను గీరుకుంటూ నిలబడి ఉన్నారు. ఐవిన్‌ని చూసి అందరి కబుర్లూ ఒక్కసారి ఆగి, మళ్లీ కాస్త ఎక్కువ గట్టిగా మొదలయ్యాయి. ఒక్క ఎల్లె మాత్రం, "ఏరా పొడుగోడా, పిల్లని ఎత్తుకుని అలా గుమ్మంలో నిలబడితే ఎలా, లోపలికి రా, రెండు తినిపో" అంది. ఎనిమిది నెలల పిల్ల, తూవా, బుగ్గలు చలికి కంది ఉన్నాయి. సరిగ్గా అప్పుడే అది చేయాల్సిన పని చేసింది. ఐవిన్ కారిడార్‌లో బల్ల మీద తువ్వాలు పరిచి డైపర్ మార్చాడు. ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్న చోట జేబులోంచి తెల్ల ట్యూబు తీసి చిక్కటి మలాము వేలితో పట్టించాడు, పిల్ల ముక్కు మీద ముద్దు పెట్టుకున్నాడు, వేళ్లు ప్యాంటు వెనక తుడుచుకున్నాడు, అదే చేత్తో వాఫల్ అందుకున్నాడు. "ఛీ, చెయ్యి కడుక్కో" అంది ఎల్లె. "రోజూ ఇదే చెయ్యి, తినే చెయ్యీ పనిచేసే చెయ్యీ ఇదే, ఎంత కడిగినా ఈ జిడ్డు చావదు" అన్నాడు ఐవిన్. టూరిడ్ ఆ ట్యూబు అటు తిప్పి చదివింది. జింకు. నూటికి ఇరవై పాళ్లు జింకు.

మొదట ఆమెకి కోపం వచ్చింది. ఇలాంటి చేతులతోనా ఇన్నాళ్లూ, జింకు వద్దు మొర్రో అని మేం రసం వడకట్టి చస్తుంటే! జింకు తగిలిందంటే నలభై ఒకటి చేసేదంతా పాడయి బ్యాక్టీరియా బతికి తీరాలి కదా, అయినా చచ్చిందని రాశాడంటే నిజంగానే కల్పించాడన్నమాట. ఆ ఆలోచనతో బస్సెక్కింది. మంచు మీద వాన పడుతోంది, జారకుండా ఎవరు తొడుక్కున్న మేకుల చెప్పుల చప్పుడు వాళ్లది. బస్సు వంతెన ఎక్కాక ఎందుకో గున్‌వోర్ గుర్తొచ్చింది, ఉప్పు ఎక్కువైందని మొన్న పులుసంతా పారబోసిన సంగతి. ఉప్పు లేక కాదు, ఎక్కువై. అక్కడ ఆగిపోయింది. లాక్కునేది కాకపోతే? నలభై ఒకటి జింకుని లాక్కునేది కాకుండా, మోసుకుపోయి లోపల పడేసేదయితే? కాపలావాళ్లని తప్పించుకుని, గోడ దూకి, బస్తాలకి బస్తాలు లోపల కుమ్మరించి, బయటికి తోసెయ్యడం చేతగాక అది చచ్చేదాకా? అయితే బయట కాస్తయినా జింకు ఉండాలి. ఐవిన్ వేళ్ల నుంచి ఆ కాస్త వచ్చింది. పొద్దున్నే పిల్లకి మలాము రాసి వచ్చేవాడు, గ్లవ్స్ తొడుక్కుంటుంటే పైన అంటేది, గొట్టాలకి అంటేది. ఆమె రసంలో ఆ కాస్తా లేదు. మోసేవాడున్నాడు, మూటే లేదు. అతి సర్వత్ర వర్జయేత్ అని ఊరికే అన్నారా, అతి శుభ్రం కూడా అతే. దిగాల్సిన స్టాపు దాటి రెండు స్టాపులు పోయింది. వానలో వెనక్కి నడుస్తూ నవ్వుకుంది, ఏడ్చింది కూడా, ఎవరైనా చూసి ఉంటే ముసలావిడ తాగిందనుకునేవారు. శని, ఆదివారాలు ఎలా గడిచాయో తెలియదు. సోమవారం పొద్దున అదే రకం ట్యూబు కొనుక్కొచ్చి ఎల్లె చేతిలో పెట్టింది. "నాకెందుకే, నాకేం ఒరుసుకుపోలేదు" అంది ఎల్లె.

తలుపు తోసుకుని ఓద్వార్ తల లోపల పెట్టాడు. తొమ్మిదిన్నర. "ఏమైంది?"

"పది దాకా ఆగు."

"నీ మొహం చూస్తుంటేనే తెలిసిపోతోంది. చెప్పెయ్యొచ్చుగా."

"కవరు విప్పాక."

"సరే తల్లీ. నీ పద్ధతి నీది." తలుపు దగ్గర కాస్త ఆగాడు. గడ్డం గోక్కున్నాడు. "నాకూ నిద్ర పట్టట్లేదు టూరిడ్, మూడు వారాలుగా. నువ్వొక్కదానివే అనుకోకు" అని వెళ్లిపోయాడు. పాపం, అతనికీ బరువే. అందరికీ దిగుతుంది ఇవాళ. ఆమె కిటికీ దగ్గర నిలబడింది. కింద పార్కింగులో ఎవరో కారు మీద మంచు చెక్కుతున్నారు, ఆ గీరుడు చప్పుడు కూడా హాయిగానే ఉంది. ఐవిన్‌తో ఏమనాలి? క్షమించు అనాలి, అది ముందు. ఆ తర్వాత పని. ఎంత జింకు కావాలో కొలవాలి, మలాముతో కాదు, సరైన జింకుతో, ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ. అది వాడి పని, వాడే చెయ్యాలి, పేరూ వాడిదే. మనిషి ఒంట్లో పుండు ఉన్న చోట జింకు ఎలాగూ ఉంటుంది, అక్కడయితే ఎవరూ వడకట్టరు. గున్‌వోర్‌కి చెప్పాలి. వద్దు, దానికి ఇప్పుడే చెబితే ఊరంతా చాటుతుంది. ఒంటిమీద వెచ్చగా దుప్పటి కప్పినట్టుంది. ఇంత నిమ్మళంగా ఆమె ఎప్పుడు కూర్చుంది? కవరు రావాలి, అంతే. వస్తుంది. ఇంకో ఇరవై నిమిషాలు. రెండో కప్పు పోసుకుంది, రొట్టె పొట్లం విప్పి సగం తినేసింది, పదింటికే.

ఎల్లె దవడ చేత్తో పట్టుకుని వచ్చింది. మత్తు దిగక మూతి ఒకవైపుకి జారి ఉంది. "మాట్లాడించకు" అంది సగం నోటితో, సంచిలోంచి కవరు తీసి బల్ల మీద పెట్టి. టూరిడ్ అంచు ఎక్కడుందో వెతుకుతోంది. ఎల్లె లాక్కుని తనే చించింది. ఎరుపు, పాత మందు. ఆకుపచ్చ, నలభై ఒకటి, శుభ్రమైన చేతులు. నీలం, ఉత్త నీళ్లు, మలాము చేతులు. పసుపు, నలభై ఒకటి, మలాము చేతులు. ఎల్లె ప్లేట్లకేసి చూసింది, కాగితంకేసి చూసింది, వంకర మూతితోనే నవ్వింది. "నిమ్మళించావా? ఇంక వాడికి చెప్పవే" అంది, టూరిడ్ వీపు మీద ఒక్కటిచ్చి.

నాలుగు రింగులకి ఎత్తాడు. వెనక పిల్ల గునుస్తోంది. "ఐవిన్, నేను, టూరిడ్‌ని. చచ్చాయి."

"ఏవి?"

"ఏవేంట్రా, నీ బ్యాక్టీరియా. నలభై ఒకటి చంపింది. నా చేతిలోనే చంపింది. నువ్వు రాసింది నిజం. నీ పిల్ల మలాములో జింకు ఉంది, దానికి కావలసింది అదే, నేను కడిగి కడిగి పోగొట్టింది కూడా అదే. తప్పు నాదీ, నా కడుగుడుదీ. నన్ను క్షమించు నాయనా."

అవతల కుర్చీ లాగిన చప్పుడు. పిల్ల గునుపు దూరమైంది.

"ఐవిన్? ఉన్నావా?"

"ఉన్నా." గొంతు బాగా కిందకి పోయింది. "టూరిడమ్మా, ఎప్పుడు తెలిసింది మీకు?"

"ప్లేట్లు తొమ్మిదింటికే చూశాను. కవరు పదింటికి విప్పాం. విప్పకుండా ఎలా చెబుతాను?"

"తొమ్మిదింటికి" అన్నాడు. "తొమ్మిదిన్నరకి నేను ఓద్వార్‌కి మెయిలు రాశాను. ఒప్పుకుంటూ."

"ఏం ఒప్పుకున్నావ్?"

"కల్పించి రాశానని. పదకొండుసార్లూ." చెబుతుంటే గొంతు పిల్లాడిలా అయిపోయింది. "నేను కల్పించలేదు టూరిడమ్మా, కానీ... మీ చేతిలో రాలేదు కదా. మీ చేతికి తప్పు ఉండదని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. మరి తప్పు నాదే అయి ఉండాలి కదా. ఎప్పుడు చేశానో గుర్తులేదు గాని చేసే ఉంటాననిపించింది. ఇన్ని రాత్రులు అదే అనుకుంటే, నిజమే అయిపోయింది. రాసేశాను. పంపడానికి వేలు కూడా పెట్టాను."

టూరిడ్ స్టూలు కోసం చెయ్యి చాచింది, దొరకలేదు, అలాగే నేల మీద కూర్చుండిపోయింది. తొమ్మిదిన్నర. రెండో కప్పు కాఫీ. కిటికీ, మంచు గీరుడు, ఒంటిమీద వెచ్చటి దుప్పటి. ఒక్క ఫోను. జేబు దాకా వెళ్లిన చెయ్యి. "పంపావా?" అంది.

"లేదు. తూవాని రోజూలాగే బయట గాలికి తోపుడు బండిలో పడుకోబెట్టాను, అప్పుడే లేచి ఏడ్చింది. బూట్లు వేసుకుని తేవడానికి వెళ్లాను. తెచ్చాను. డైపర్ మార్చాను. ఆ తర్వాత మీ ఫోన్."

"కొట్టెయ్. ఇప్పుడే. నేను వింటుండగా."

ఏదో టక్కుమంది. "కొట్టేశాను" అన్నాడు. ఏడుస్తున్నాడు, దాచుకోవడం లేదు. ఆమె కూడా దాచుకోలేదు. ఎల్లె గుమ్మంలో దవడ పట్టుకుని నిలబడి, ఏమైందని కళ్లతోనే అడుగుతోంది.

"ఫోన్ పాప చెవి దగ్గర పెట్టు" అంది టూరిడ్.

"ఎందుకు?"

"పెట్టు నాయనా."

బట్టల రాపిడి, ఆ తర్వాత దగ్గరగా తడి ఊపిరి, ముక్కుదిబ్బడతో బుసబుసమంటూ. ఎనిమిది నెలల పిల్లకి ఏం చెప్పాలో టూరిడ్‌కి తెలియలేదు. "ఏడిచావుటే బంగారం" అంది చివరికి. "మంచి పని చేశావే తల్లీ, మంచి పని చేశావు."